వరస కుదరని వైరస్

వంశవృక్షం గీయడం పూర్తయిందని కంప్యూటర్ చిన్నగా కూత పెట్టింది. తెర మీదికి వంగి చూసిన చుట్టరికాలమ్మ, వెనక కుర్చీ దొర్లిపోతున్నా పట్టించుకోకుండా లేచి నిలబడింది. ఆమెను కాసేపు అలాగే నిలబడనిద్దాం.

ఆ నిలబడటం వెనక కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఊళ్లో జ్వరం పుట్టింది. ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాల్లో పరుపులు వేశారు. అందరికంటే ముందు ఆ జ్వరంతో పడ్డది చుట్టరికాలమ్మ సొంత చెల్లెలు. పందుల ఫారాలు తిరిగి వైద్యం చేసే పశువుల డాక్టరు ఆమె. వైరస్ పందుల్లోంచి ఆమెకు, ఆమె నుంచి ఊరికి పాకిందని చుట్టరికాలమ్మ పనిచేసే ల్యాబ్ డైరెక్టర్ తేల్చేశారు. ఇవాళ మధ్యాహ్నం పత్రికల వాళ్ల ముందు ఆ మాట ఆమె పేరుతో సహా చదవబోతున్నారు. చూచాయగా తెలిసినందుకే ఆమె ఇంటి గోడ మీద బొగ్గు రాతలు వెలిశాయి. కూతురిని కొన్నాళ్లు బడికి పంపవద్దని కబురు వచ్చింది. ఇక ఆ పేరు మైకులో పలికితే ఆమె ఈ ఊళ్లో తలెత్తుకు తిరగడం కల్ల.

అయితే చుట్టరికాలమ్మకు ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. నెల కిందట పందిలోంచి మనిషిలోకి దూకిన వైరస్ అయితే, రెండింటి జన్యువుల్లో నాలుగైదు అక్షరాలకు మించి తేడా ఉండకూడదు. ఇక్కడ తేడా వందల్లో ఉంది. అందుకే ఆమె ల్యాబ్ అలవాటుకు అడ్డం తిరిగింది. అక్కడ పోలికలు చూసే ముందు పాతకాలపు వైరస్‌లన్నింటినీ పక్కకు తోసేస్తారు. చచ్చినవాళ్లతో పోలికేమిటి, పని ఆలస్యం తప్ప అని డైరెక్టర్ పెట్టిన పద్ధతి అది. ఆమె ఆ చచ్చినవాళ్లందరినీ లేపి వరసలో నిలబెట్టి, మీట నొక్కింది.

ఇప్పుడు తెర మీద చెట్టు ఉంది. ఆ చెట్టు అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా ఊరు ఊరంతా నమ్మిన మాట అబద్ధమైనా అయి ఉండాలి.

ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఆ ల్యాబ్‌లో ఎవరికీ గుర్తు లేదు. ఏ వైరస్‌ను తెచ్చి ముందు పడేసినా, దాని అక్షరాలు చదివి, ఇది ఫలానా దానికి చెల్లెలు, ఫలానా దానికి ముత్తాత, దీనికీ దానికీ పడదు అని చెప్పేస్తుంది. పత్రికల్లో జన్యుక్రమం అని రాస్తారు కానీ, ల్యాబ్‌లో అందరూ వరస అంటారు. అక్షరాల వరస తెలిస్తే చుట్టరికం వరస తెలిసినట్టే. ఒకే మాటతో రెండు పనులూ జరిగిపోతున్నప్పుడు రెండో మాట ఎందుకని ఆమె వాదన.

"ఏంటి వదినా, దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డారు?"

గుమ్మంలో మరిది. చెల్లెలి భర్త. పక్క గదిలో అక్షరాలు చదివే మిషన్ అతని చేతి కింద నడుస్తుంది. భార్య ఆస్పత్రిలో గాజు గోడ వెనక ఉన్న రోజు నుంచి అతను గడ్డం గీసుకోలేదు. ఇవాళ మాత్రం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"దయ్యమే. ఇలా రా. ఈ కొమ్మ చూడు."

"నాకు కొమ్మలూ రెమ్మలూ అర్థం కావు. మిషన్‌కి తిండి పెట్టడం వరకే నా వంతు. మీరు చెప్పండి."

"ఇవన్నీ మన ఊరి రోగుల వైరస్‌లు. గుత్తిగా ఉన్నాయి కదా. వీటికి అతుక్కుని పక్కనే ఎవరున్నారో చదువు."

మరిది కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. "పందిది కాదే. పంది అదిగో, ఎక్కడో ఆ చివరన ఉంది. ఇదేంటి, ఇంత పాతది? నేను పుట్టకముందు దొరికింది."

"నేనూ పుట్టకముందే."

"అయితే ఇది తాత. మన ఊళ్లోవి మనవళ్లు. తాత పోలికలు మనవళ్లకి వచ్చాయి. ఇందులో వింతేముంది?"

"నీ మొహం మీ తాత మొహంలా ఉంటుందా?"

"ముక్కు ఆయనదే అంటారు. కోపం కూడా."

"ముక్కు కలిసింది, సరే. చెవులు, వేలిముద్రలు, మోకాలి మీద చిన్నప్పుడు పడ్డ దెబ్బ మచ్చ, అన్నీ కలిస్తే?"

మరిది నవ్వబోయి ఆగాడు. "అప్పుడు ఆయన మా తాత కాదు వదినా. నేనే."

"అదీ సంగతి."

వైరస్‌కు నిలకడ తక్కువ. తనను తాను నకలు తీసుకునేటప్పుడు తొందరలో అక్షరాలు తప్పు రాస్తుంది. ఏడాదికి కొన్ని తప్పులు పోగుపడతాయి. ఆ తప్పులు లెక్కపెడితే దాని వయసు తెలుస్తుంది, అద్దంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకున్నట్టు. నలభయ్యేళ్లకు పైగా మనుషుల్లోనో పందుల్లోనో తిరిగిన వైరస్ అయితే గుర్తు పట్టలేనంత మారిపోవాలి. ఇది మారలేదు. దానికీ రోగుల్లో దొరికినదానికీ మధ్య తేడా మూడంటే మూడు అక్షరాలు.

"తాతకి మనవడు కవల పుట్టాడు" అంది చుట్టరికాలమ్మ. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషికి మొదటిసారి వరసే కుదరని చుట్టరికం ఎదురైంది. "ఏమని పిలవాలి దీన్ని?"

"పిలవడం తర్వాత సంగతి. ఇన్నేళ్లూ వయసు పెరక్కుండా ఎక్కడున్నాడంట ఆ మనవడు?"

ఇద్దరి తలలూ ఒకేసారి గది మూలకు తిరిగాయి. అక్కడ బీరువా అంత ఫ్రీజర్, తలుపు అంచులకు మంచు పట్టి, తన మానాన తాను గురగురలాడుతోంది.

"చల్లటి చోట" అన్నాడు మరిది నెమ్మదిగా.

"చాలా చల్లటి చోట. ఎవరో సీసాలో పెట్టి నిద్రపుచ్చారు. ఎవరో లేపారు. పందులకీ దీనికీ సంబంధం లేదు. మీ ఆవిడకి అంతకన్నా లేదు."

మరిది కళ్లల్లో నీళ్లు తిరిగితే, కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో కిందికి చూశాడు. అంతలో బయట ఆవరణలో మైకు గరగరలాడింది. కిటికీలోంచి చూస్తే తెల్లటి గుడారాలు, వరసగా కుర్చీలు, వాటి పక్కన ఐస్ పెట్టెలు. పొద్దుటి నుంచే జనం వచ్చి నిలబడ్డారు. టీకా తయారుగా ఉంది, ఇవాళే మొదలు అని నిన్న సాయంత్రం చాటింపు వేశారు.

"నేను కిందికి వెళ్లాలి వదినా. ముందు నాకే వేస్తారట. పెద్దసారు నిన్న పిలిచి చెప్పారు. నింద పడ్డ మనిషి మొగుడే అందరికంటే ముందు చేయి చాపితే జనం కాస్త చల్లబడతారట. ఫొటోల వాళ్లు కూడా వస్తున్నారు."

"నువ్వా? సూది పేరు చెబితే సోడా అడుగుతావు కదా."

"మీ చెల్లెలి కోసం సూదేం ఖర్మ, గునపం గుచ్చినా ఊరుకుంటాను. కళ్లు మాత్రం మూసుకుంటాను."

చుట్టరికాలమ్మ చూపు తెర మీదే ఉంది. ఆ మూడు అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో అప్పటికే వెతకడం మొదలుపెట్టింది. "వెళ్లు, వెళ్లు" అంది చేయి ఊపుతూ. "ఫొటోలో ఏడుపు మొహం పెట్టకు."

*

డైరెక్టర్ గది పై అంతస్తులో ఉంది. ఆయన అద్దం ముందు నిలబడి ప్రకటన బిగ్గరగా చదువుకుంటున్నారు. కెమెరాల కోసం బూడిదరంగు కోటు వేసుకున్నారు. ఏసీ నుంచి కారే నీళ్లు మూలనున్న బకెట్‌లో టప్‌మంటున్నాయి.

"రా అమ్మా, సమయానికి వచ్చావు" అన్నారు అద్దంలోంచే. ఒకప్పుడు ఆమెకు ఈ విద్య నేర్పింది ఆయనే. చుట్టరికాలమ్మ అని పేరు పెట్టిందీ ఆయనే. "సంక్రమించింది అనాలా, సోకింది అనాలా? జనం నోటికి ఏది తేలిక?"

"ఏదీ వద్దు సార్. ప్రకటన ఆపండి."

ఆయన వెనక్కి తిరిగారు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. చెట్టును చూపించింది. ఆయన కళ్లు మొదట చెట్టు మీద కాదు, ఆమె మొహం మీద నిలిచాయి.

"పాతవాటిని కలిపావా? వద్దని చెప్పాను కదా."

"అందుకే కలిపాను. మనం ఏం చేశామో తెలుసా సార్? పెళ్లి ఫొటోలోంచి సొంత తాతను కత్తిరించేశాం. మిగిలినవాళ్లలో ఎవరి ముక్కు కలుస్తుందా అని వెతికి, దూరపు దాయాదిని పట్టుకుని నువ్వే తండ్రివి అన్నాం. పంది వైరస్ కూడా ఈ తాత సంతానమే, కాదనను. కానీ అది వేరే కాపురం పెట్టి నలభయ్యేళ్లయింది. రూపురేఖలే మారిపోయాయి. మన ఊరి వైరస్ దాని కడుపున పుట్టలేదు. చెల్లెలు పందుల దగ్గర అంటించుకోలేదు."

డైరెక్టర్ కుర్చీలో కూర్చుని, చెట్టును తీరిగ్గా చూశారు. తర్వాత నవ్వారు. పరీక్షలో తెలివైన పిల్ల తేలిక లెక్క తప్పు చేస్తే మాస్టారు నవ్వే నవ్వు.

"మన కంట్రోల్ ట్యూబ్ ఏ వైరస్‌తో చేశారో గుర్తుందా నీకు?"

చుట్టరికాలమ్మకు తెలియదు.

మిషన్ సరిగా చదువుతోందో లేదో తెలియడానికి, రోగుల నమూనాలతో పాటు ప్రతిసారీ ఒక తెలిసిన జన్యువును కూడా అందులో పెడతారు. అదే కంట్రోల్. దాన్ని అందరూ కంట్రోల్ అనే అంటారు, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు. ఊళ్లోని ప్రతి వైరస్‌కూ చుట్టరికం చెప్పే మనిషి, తన బల్ల మీది ట్యూబ్ వరసను ఏనాడూ అడగలేదు.

"ఈ పాత వైరస్ ముక్కతోనే చేశారమ్మా" అన్నారు డైరెక్టర్ జాలిగా. "ఆ ట్యూబ్‌లోంచి ఒక్క చుక్క చిందితే చాలు. రోగులందరిలోనూ ఇదే కనిపిస్తుంది. నువ్వు పట్టుకున్నది తాతనీ కాదు, మనవడినీ కాదు. నీ బల్ల మీది మరకని. చెల్లెలి మీద ప్రేమ ఉండొచ్చు. దాని కోసం చెట్టుని వంచకూడదు."

ఇంతసేపూ ఒంట్లో పరిగెత్తిన ఉత్సాహం ఒక్కసారిగా చల్లబడి, అరచేతుల్లో చెమటగా మిగిలింది. చిందటం కుదరని పనేం కాదు. మిషన్ దగ్గర ఉండేది మరిది. భార్యను ఆస్పత్రిలో చేర్చిన నాటి నుంచి అతని చేతులు వణుకుతున్నాయి. నిజంగా చిందించి ఉంటే? ఊరి ముందు ఆమె పెట్టబోయింది తన ల్యాబ్ మురికినేనా?

డైరెక్టర్ లేచి, అద్దం వైపు నడిచారు. కోటు సర్దుకున్నారు. వెనక కోటు అంచున, లాండ్రీ వాళ్లు గుర్తుకు కట్టిన ఎర్రదారం ముడి ఇంకా వేలాడుతోంది. విప్పడం మరిచిపోయినట్టున్నారు.

చుట్టరికాలమ్మ ఆ ఎర్రదారాన్ని చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"చాకలి గుర్తు" అంది.

"ఏమిటి?"

"మీ కోటుకి చాకలి గుర్తు ఉంది సార్. మన కంట్రోల్‌కి కూడా ఉంది."

ఈ ల్యాబ్‌ను స్థాపించిన పెద్దావిడ, ఇప్పుడు లేరు, చాలా జాగ్రత్త మనిషి. పది ఇళ్ల బట్టలు ఒకే రేవులో పడ్డప్పుడు కలిసిపోకుండా చాకలి మూలన గుర్తు పెడతాడు కదా, మనమూ పెట్టాలి అనేవారట. కంట్రోల్ చేసిన రోజున దాని మధ్యలో, ప్రపంచంలో ఏ వైరస్‌కూ లేని ఒక అక్షరాల ముక్కను కావాలనే ఇరికించారు. ఎప్పుడైనా అది చింది రోగుల నమూనాల్లో కలిస్తే ఆ ముక్క పట్టిచ్చేస్తుంది. చేరిన కొత్తలో అందరికీ చెప్పే మొదటి ముచ్చట ఇది. అంతే తొందరగా మరిచిపోయేది కూడా ఇదే.

ఆమె కూర్చోకుండానే ల్యాప్‌టాప్ మీద వంగింది. ఆ ముక్కను టైపు చేసింది. మొదటి రోగి వరసలో వెతకమంది.

దొరకలేదు.

రెండో రోగి. దొరకలేదు. వృద్ధుడు, బస్సు డ్రైవరు, బడి పంతులమ్మ, చెల్లెలు. ఎవరిలోనూ దొరకలేదు. ఆమె వేళ్లు పరిగెడుతున్నాయి. డైరెక్టర్ తెలియకుండానే వచ్చి ఆమె భుజం పక్కన నిలబడ్డారు.

"అసలు నీ వెతకడమే సరిగా లేదేమో. కంట్రోల్‌లోనే వెతికి చూడు" అన్నారు.

న్యాయమైన మాట. ఆమె కంట్రోల్ వరస తెరిచి అదే ముక్కను వెతికింది. తెర మీద పసుపు గీత వెలిగింది.

దొరికింది.

బకెట్‌లో నీటిచుక్కలు టప్ టప్‌మంటున్నాయి. చుట్టరికాలమ్మ నడుం నిటారుగా చేసింది. "మరక కాదు సార్. మనవడే."

ఆయన మొహంలో మాస్టారి నవ్వు పోయింది. అయినా ఆయన తేలిగ్గా దిగివచ్చే మనిషి కాదు. "అయినా సరే. నువ్వు ఆవిడకి అక్కవి. నీ మాట ఎవరు నమ్ముతారు? రేపు పేపర్లో ఏం రాస్తారో తెలుసా, అక్క లెక్కలు వేసి చెల్లెల్ని గట్టెక్కించింది అని."

"చుట్టరికం నాకు ఉంది, ఒప్పుకుంటాను. ఈ అక్షరాలకి లేదు కదా. వేరే ఊరి ల్యాబ్‌కి పంపండి. మా చెల్లెలి పేరు చూపించకండి. వాళ్లనే చెట్టు గీయమనండి. పాతవాటిని మాత్రం తీసెయ్యొద్దని చెప్పండి."

ఆమె ఆగలేదు. ఇప్పుడు ఆమె నోటిని ఆపడం ఆమె వల్లే కాదు. "ఇంకొకటి ఉంది. పాత వైరస్‌కీ మన ఊరి వైరస్‌కీ తేడా మూడు అక్షరాలు. రోగులందరిలోనూ అవే మూడు. అంటే ఈ మార్పులు ఊళ్లోకి రాకముందే జరిగాయి, ఎవరో దాన్ని సీసాలో నిద్రపుచ్చకముందే. రెండింటితో పెద్ద పని లేదు. మూడోది మాత్రం తాళంచెవి మీద ఉంది."

మన ఒంట్లోని కణం తలుపు తెరవడానికి ఆ వైరస్ ఒంటి మీద తాళంచెవి లాంటి ముక్క ఒకటి ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని అలాగే అంటారు.

"చెవి కొసన" అన్నారు డైరెక్టర్. "తలుపులోకి దూరే పక్క."

"అవును సార్, అక్కడే..."

ఆమె మాట సగంలో తెగింది. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిరిగి ఉంది. ఆ అక్షరం ఎక్కడుందో ఆమె ఇంకా ఆయనకు చూపించనే లేదు.

"మీకెలా తెలుసు?"

డైరెక్టర్ కుర్చీ కోసం చేత్తో తడుముకున్నారు. కూర్చున్నాక కూడా ఆ చేయి గాల్లోనే కాసేపు ఉండిపోయింది. ఇప్పుడు ఆయన మాట్లాడుతున్నది ఆమెతో అన్నట్టు లేదు.

"కోడిగుడ్డులో పెంచితే ఆ అక్షరం మారుతుందమ్మా. గుడ్డు లోపలి తలుపులు వేరు, మన తలుపులు వేరు. చెవి తనని తాను అరగదీసుకుంటుంది. ఒక గుడ్డులోంచి ఇంకో గుడ్డులోకి, అందులోంచి మరో దాంట్లోకి. చదువుకునే రోజుల్లో ఆ పాత వైరస్‌ని గుడ్ల మీద పెంచింది నేనే. ఆ మూడు అక్షరాలూ మొదట చదివింది కూడా నేనే. నా పేరు అచ్చయిన మొదటి వ్యాసం అది."

"ఆ సీసా ఇప్పుడు ఎక్కడుంది సార్?"

ఆయన కళ్లు నెమ్మదిగా, తప్పు చేసిన పిల్లవాడి కళ్లలా, కిటికీ వైపు వెళ్లాయి. కింద ఆవరణలో తెల్లటి గుడారాలు. వాటి పక్కన ఐస్ పెట్టెలు.

చుట్టరికాలమ్మకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది.

"టీకా" అంది. "దాంతోనే చేశారా?"

"విత్తనంగా ఇచ్చాను. పందుల మధ్య పనిచేసే వాళ్ల కోసం టీకా చేస్తామని కంపెనీ వాళ్లు వచ్చి అడిగారు. పంది వైరస్‌లన్నీ దీని సంతానమే కదా, పనికొస్తుందని ఇచ్చాను. ఇప్పుడు ఊరికి వేస్తున్నదీ అదే." ఆయన గొంతు హడావిడి పడింది. "కంగారు పడకు. అది చచ్చిన వైరస్. మందు పోసి చంపాకే సీసాల్లోకి ఎక్కిస్తారు. నేను కాగితాలన్నీ చూశాను."

"కాగితాలు చూశారు. సీసాలు చూశారా?"

బకెట్‌లో చుక్క పడింది.

"ఇవాళ్టి కంటే ముందు ఎవరికైనా వేశారా?"

"ప్రయోగంగా కొందరికి. ఫారాల్లో. నెల కిందట."

ఆమె అప్పటికే ఫోను తీసి చెల్లెలికి కలిపింది. స్పీకరు మీట నొక్కి బల్ల మీద పెట్టింది.

"అక్కా." బొంగురు గొంతు. దగ్గు. "నా పేరు చదివేశారా అప్పుడే?"

"లేదు. చదవరు. ఎలా ఉంది నీకు?"

"జ్వరం తగ్గింది. గాజు అవతల నిలబడి జనం చూసిపోతున్నారు, జూలో జంతువుని చూసినట్టు. జంతువుల డాక్టర్ని కదా, తగిన శాస్తే. అరటిపండు ఒక్కటే తక్కువ."

"ఇదిగో, విను. జ్వరం రాకముందు ఏదైనా సూది వేయించుకున్నావా?"

చెల్లెలు గొంతు తగ్గించి, "ఆయన పక్కన లేడు కదా?"

"లేడు."

"ఆయనకి చెప్పొద్దు. నాకు వేస్తే తను పడిపోతాడు. ఫారాలకి వెళ్లేవాళ్ల కోసం కొత్త టీకా అన్నారు. పనివాళ్లు జంకుతుంటే ముందు నేను చేయి చాపాను. డాక్టరమ్మే వేయించుకుంటే వాళ్లకీ ధైర్యం వస్తుందని."

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

"వారం తిరక్కుండా."

"నీ తర్వాత వేయించుకున్న పనివాళ్లు?"

"ఇక్కడే ఉన్నారుగా, నా పక్క మంచాల్లో. పాపం, నన్ను చూసి నవ్వుతూ చేయి ఊపుతారు."

"పందులు?"

"వాటికేం, రాళ్లలా ఉన్నాయి. ఒక్కటి కూడా తుమ్మలేదు. ఎందుకక్కా ఇదంతా?"

చుట్టరికాలమ్మ డైరెక్టర్ వైపు చూసింది. ఆయన చేతిలోని ప్రకటన కాగితం, అందులో చెల్లెలి పేరు, అలాగే ఉన్నాయి. ఆయన దాన్ని రెండుగా చించి, ఇంకా చించి, బల్ల మీద పోశారు. తర్వాత బల్ల మీది ఫోను ఎత్తి కింది గుడారానికి కలిపారు. అటు మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్లు లేరు. అందరూ గుడారం ముందు గుమిగూడి ఉన్నారు, ఫొటోల వాళ్లు వచ్చారు.

"చెల్లీ, నీ మీద ఏ తప్పూ లేదు. తర్వాత మాట్లాడతాను" అని ఆమె ఒక్క అంగలో కిటికీ దగ్గరికి చేరింది. గొళ్లెం బిగుసుకుపోయి ఉంది. అరచేత్తో కొట్టింది. మళ్లీ కొట్టింది. రెక్క విడిపోయి, కింది గోల అంతా ఒక్కసారి గదిలోకి వచ్చి పడింది. చప్పట్లు. మైకులో ఎవరో ఎవరినో అభినందిస్తున్నారు.

ఎవరినో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లు, వెళ్లు అని తనే చేయి ఊపి పంపిన మనిషి.

మొదటి కుర్చీలో మరిది కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకోలేదు. ఆమె కిటికీలో కనిపించగానే మొహం విప్పార్చి నవ్వాడు. ఇస్త్రీ చొక్కా చేయి భుజం దాకా మడిచి ఉంది. జబ్బ మీద దూదిని రెండో చేత్తో గట్టిగా అదిమి పట్టుకుని, చూశారా వదినా అన్నట్టు దాన్ని కాస్త పైకెత్తి చూపించాడు.

అతని పక్క కుర్చీలో ఒకామె ఒళ్లో పిల్లను కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల చొక్కా చేయి పైకి మడుస్తోంది. సీసా మూతలోకి రెండో సూది దిగింది.